ఇటలీ పల్లెల్లో గైడెడ్ టూర్: మీకు గుర్తుండిపోయినవి చెప్పండి

తుంగభద్ర_తీరం (కర్నూలు)

అందరికీ నమస్కారం. వచ్చే మే నెలలో అమ్మానాన్నలతో ఇటలీ వెళ్దామనుకుంటున్నాం. రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్ గురించి ఇక్కడ బోలెడన్ని పోస్టులున్నాయి, అవన్నీ చదివేశాను. నాకు కావలసింది వేరే. నాన్న జీవితమంతా సేద్యం చేసిన మనిషి. శనగ, జొన్న, కొన్నాళ్ళు పత్తి. మ్యూజియంలో అరగంట నిలబెడితే "ఇంక చాల్లేరా" అంటారు. ఎవరి పొలం గట్టు మీదైనా వదిలితే మాత్రం పొద్దుగూకేదాకా కదలరు. అందుకే పల్లెల వైపు తిప్పే గైడెడ్ టూర్ల కోసం చూస్తున్నాను. అమ్మ శుద్ధ శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు.

బ్రోచర్లలో ఉండే మాటలు వద్దండీ. వెళ్ళొచ్చాక మీ ఇంట్లో ఇప్పటికీ చెప్పుకునేవి ఏమిటి? విసుగు పుట్టించినవి ఉంటే అవీ చెప్పండి.

బెజవాడ_బాబాయ్ (విజయవాడ)

విసుగు పుట్టించినవాటితోనే మొదలెడతాను, అవి నా దగ్గర ఎక్కువ.

మేము ఇక్కడి నుంచే ఒక కంపెనీ పెద్ద బస్సు ప్యాకేజీలో వెళ్ళాం. పేరు చెప్పను. "టస్కనీ పల్లెసీమ" అని రంగుల్లో అచ్చేశారు. తీరా చూస్తే కొండ మీద ఊరు కనపడే చోట పార్కింగులో దింపి, ఫొటోలకి ఇరవై నిమిషాలు ఇచ్చారు. ఆ తర్వాత గంటసేపు ప్రయాణం చేయించి, ఊరి బయట హైవే పక్కన ఒక ఇండియన్ రెస్టారెంటుకి తోలారు. టస్కనీలో నేను తిన్న భోజనం పనీర్ బటర్ మసాలా. అదీ చల్లారింది.

ఒక్కటి మాత్రం ఇప్పటికీ చెప్పుకుంటాం. అక్కడ బస్సు డ్రైవరు నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాలు ఆపి తీరాలి, అది యూరప్ అంతటా రూలు. బండిలో మీటరు ఉంటుంది, అంతా రికార్డవుతుంది. మా టూర్ మేనేజరు "ఇంకో అరగంటలో హోటల్ వచ్చేస్తుంది, పోనీ" అని బతిమాలాడు. డ్రైవరు నవ్వి, తాళం తీసి జేబులో వేసుకున్నాడు. ఆగింది ఉంబ్రియాలో ఏదో చిన్న ఊరు, పేరు కూడా మాకెవరికీ తెలీదు. చర్చి ముందు ఒక బారు. అక్కడ బారు అంటే మందు కొట్టు అనుకోకండి, కాఫీ, రొట్టె, పేపరు, లాటరీ టికెట్టు అన్నీ అక్కడే. బయట నలుగురు ముసలాళ్ళు పేకాడుతున్నారు. మా ఆవిడా నేనూ పక్క బల్ల దగ్గర కూర్చున్నాం. వాళ్ళ ముక్కలు మన ముక్కల్లా ఉండవు, కత్తులు, కప్పులు, నాణేలు, దుడ్డుకర్రల బొమ్మలు. ఐదు నిమిషాల్లో ఒకాయన తన పేకముక్కలు నాకు చూపించి, ఏది వేయమంటావని సైగ చేశాడు. నాకేం తెలుసు, ఒకటి చూపించాను. ఓడిపోయాడు. మిగతా ముగ్గురూ నాకు కాఫీ ఇప్పించారు!

మొత్తం టూరులో ఇటలీ వాళ్ళతో కూర్చున్నది ఆ ముప్పావుగంటే.

పాలపిట్ట (హైదరాబాద్)

బాబాయ్ గారూ, ఓడిపోయిన ఆయన మీకోసం ఇంకా వెతుకుతూ ఉంటాడు :)

మాది చిన్న వ్యాన్ టూరు, ఎనిమిది మందికి మించి ఎక్కించరు. టస్కనీకి దక్షిణాన వాల్ దోర్చా అనే లోయలో, పియెంజా, మోంటాల్చీనో, మోంటెపుల్చానో ఊళ్ళ మధ్య తిప్పారు. బస అగ్రితురిస్మోలో. అంటే సేద్యం చేసే కుటుంబమే కొన్ని గదులు అద్దెకిచ్చి, తమ పొలంలో పండినవి వండి పెట్టే పద్ధతి. దానికి 1985 నుంచి ప్రత్యేక చట్టమే ఉంది. ముందు రైతు అయి ఉండాలి, అతిథులు ఆ తర్వాత. అందుకే బుక్ చేసేముందు "మీరేం పండిస్తారు?" అని అడగండి. తడుముకున్నారంటే అది మామూలు రిసార్టే.

నాకు గుర్తుండిపోయింది ఆ ఇంటి పెద్దావిడ దగ్గర పీచీ చేయడం. సియెనా వైపు చేసే లావాటి పాస్తా అది. గోధుమపిండి, నీళ్ళు, కాస్త ఆలివ్ నూనె. పిండిని చెక్క మీద మందంగా ఒత్తి, పట్టీలుగా కోసి, ఒక్కో పట్టీని అరచేతుల కింద పెట్టి మధ్య నుంచి చివరలకి దొర్లిస్తూ సాగదీయాలి. నాది మధ్యలో లావు, చివర సన్నం, ఎత్తితే తెగిపోయేది. ఆవిడ వచ్చి నా చేతుల మీద తన చేతులు పెట్టి దొర్లించింది. కణుపులన్నీ వాచి ఉన్నాయి, అయినా ఆ బరువు ఎక్కడ మోపాలో, ఎక్కడ వదలాలో నాకు అప్పుడు తెలిసింది. గైడ్ కాసేపు అనువాదం చేసి, తర్వాత అవసరం లేదని గ్రహించి తనూ చేతులు కడుక్కొచ్చి కూర్చున్నాడు. సాయంత్రం టమాటా, వెల్లుల్లి సాసుతో అవే వడ్డించారు. ఆ వెల్లుల్లిని అల్యోనె అంటారు, ఒక్కో రెబ్బ బొటనవేలంత ఉంటుంది, ఘాటు తక్కువ.

అమ్మగారికి ఇది పనికొస్తుంది. కొన్ని ఇళ్ళల్లో పీచీ పిండిలో గుడ్డు కలుపుతారు కాబట్టి ముందే చెప్పాలి.

ఇంకోటి, రొట్టె. మొదటిరోజు ఉప్పు వేయడం మరచిపోయారనుకున్నాం. టస్కనీ రొట్టెలో అసలు ఉప్పే వేయరట. మా గుంపులో ఒకావిడ సంచిలోంచి ఆవకాయ తీసింది. పెద్దావిడ వేలితో కొంచెం నాకి, కళ్ళెర్రబడ్డా వదలకుండా రొట్టె ముంచుకుని రెండోసారి తింది.

ఓరుగల్లు_అన్న (వరంగల్)

ఆవకాయ లేకుండా పోయినోళ్ళెవరైనా ఉన్నరా ఈ ఫోరంల?

చరిత్ర_చాదస్తం (కాకినాడ)

ఉప్పులేని రొట్టె ఇప్పటిది కాదు. ఫ్లోరెన్స్ నుంచి వెలివేయబడ్డ కవి డాంటే, పరాయి ఇంటి రొట్టె ఎంత ఉప్పగా ఉంటుందో తెలిసివస్తుందని తన కావ్యంలో రాసుకున్నాడు. 14వ శతాబ్దం మాట.

పాలపిట్ట గారు చెప్పిన లోయకే నేనూ వెళ్ళాను. మా గైడ్ అమ్మాయి చెప్పిన ఒక విషయం వల్ల ఆ ఫొటోల్లోని కొండలన్నీ నాకు వేరుగా కనపడ్డాయి. మీ నాన్నగారికి కూడా నచ్చుతుంది కనుక కాస్త విపులంగా రాస్తాను.

విడివిడిగా కొండ మీద ఒక్కో రాతి ఇల్లు, దానికి రెండు సైప్రస్ చెట్లు, చుట్టూ పొలం. క్యాలెండర్ బొమ్మ. ఆ ఇళ్ళల్లో చాలావాటిలో ఉన్నది సొంత రైతులు కాదు. పొలం భూస్వామిది, ఇల్లూ భూస్వామిదే. రైతు కుటుంబం పండించి సగం ఆయనకి ఇచ్చుకోవాలి. మనవైపు కోరుకి ఇవ్వడం అంటామే, అదే లెక్క. ధాన్యంలో సగం, ద్రాక్షలో సగం, ఆలివ్ నూనెలో సగం. ఆ పద్ధతిని మెద్‌జాద్రియా అంటారు, వందల ఏళ్ళు నడిచింది. ఇల్లు ఊళ్ళో కాకుండా పొలం మధ్యలో ఎందుకుందంటే, రైతు పనికి దగ్గర్లో ఉండాలి కాబట్టి. ఒకే పొలంలో గోధుమ, ద్రాక్ష, ఆలివ్ కలిసి ఎందుకున్నాయంటే, ఆ కుటుంబం తిండి అక్కడే వెళ్ళిపోవాలి కాబట్టి. మనం "ఆహా ఎంత అందంగా పేర్చారో" అనుకునేది ఆ ఒప్పందం గీసిన బొమ్మ.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కుర్రాళ్ళంతా ఫ్యాక్టరీలకి పోయారు. 1964లో కొత్త మెద్‌జాద్రియా ఒప్పందాలు రాసుకోకూడదని చట్టం వచ్చింది. ఇళ్ళు ఖాళీ అయ్యాయి, పైకప్పులు కూలాయి, తర్వాత విదేశీయులూ నగరాల వాళ్ళూ కొని బాగుచేసుకున్నారు. మా గైడ్ తాతగారు అలాంటి ఇంట్లో పుట్టాడట. ఇప్పుడు ఆ ఇంటికి ఈతకొలను ఉంది. వారం అద్దె తన రెండు నెలల జీతమని చెప్పింది. నవ్వుతూనే చెప్పిందిగానీ వ్యాన్‌లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

ఆ లోయలో అందరూ ఫొటో తీసుకునే వంపుల రోడ్డు ఒకటుంది, అటూ ఇటూ సైప్రస్ చెట్లతో మెలికలు తిరుగుతూ కొండెక్కుతుంది. చాలామంది మధ్యయుగాల నాటిదనుకుంటారు. కాదు. లా ఫోచె అనే ఎస్టేటును కొన్న ఐరిస్ ఒరీగో, ఆంతోనియో ఒరీగో దంపతులు 1920, 30లలో బీడు బంకమట్టి నేలని సాగులోకి తెచ్చినప్పుడు వేయించినది. అంతకుముందు అక్కడ గడ్డి కూడా సరిగా మొలవని తెల్లటి మట్టి దిబ్బలు ఉండేవి. 2004లో యునెస్కో ఈ లోయని వారసత్వ జాబితాలో చేర్చింది.

బెజవాడ_బాబాయ్

చాదస్తం గారూ, ఇదంతా మా టూర్ మేనేజరుకి తెలిసుంటే ఆ ఇరవై నిమిషాలు కూడా ఇచ్చేవాడు కాదు.

పో_లోయ_పిల్ల (రెజ్జో ఎమీలియా, ఇటలీ)

నేను ఇక్కడే ఉద్యోగం చేస్తున్నాను. మా ఊరి నుంచి ఎవరొచ్చినా పొద్దున్నే లేపి చీజ్ తయారుచేసే చోటికి తీసుకెళ్తాను. అందరూ పీసా టవర్ మరచిపోతారుగానీ ఇది మరచిపోరు.

పార్మిజానో రెజ్జానో ఇక్కడి చీజ్. దాన్ని మా రెజ్జో ఎమీలియా, పార్మా, మోదెనా జిల్లాల్లోనూ, బొలోన్యా, మాంతొవా జిల్లాల్లో కొంతభాగంలోనూ తప్ప ఇంకెక్కడ చేసినా ఆ పేరు పెట్టడానికి లేదు. ఉదయం ఎనిమిదిలోపే వెళ్ళాలి, పదయ్యేసరికి అసలు పని అయిపోతుంది. సాయంత్రం పాలని రాత్రంతా నిలవ ఉంచి, పైన తేలిన మీగడ తీసేసి, తెల్లవారి పితికిన పాలతో కలిపి రాగి గుండిగల్లో పోస్తారు. గంట ఆకారంలో, నేల లోపలికి దిగి ఉంటాయి. నిన్నటి విరుగుడు నీళ్ళు కొంచెం తోడు, ఆపైన దూడ పొట్ట నుంచి తీసిన రెన్నెట్. పది నిమిషాల్లో గడ్డ కడుతుంది. దాన్ని పెద్ద ముళ్ళ కవ్వంతో బియ్యపు గింజంత ముక్కలు చేసి, 55 డిగ్రీల దాకా వేడి చేస్తారు.

చీజ్ చేసే పెద్దని కజారో అంటారు. థర్మామీటర్లూ మీటర్లూ అన్నీ పక్కనే ఉంటాయి, ఆయన మాత్రం మోచేతి దాకా చెయ్యి ముంచి ఒక గుప్పెడు తీసి, పిడికిలి బిగించి, బొటనవేలితో విడదీసి చూస్తాడు. అలా చూశాకే "ఆపు" అంటాడు. మంట ఆపాక ముక్కలన్నీ అడుగుకి చేరి ఒకటే ముద్దవుతాయి. ఇద్దరు మనుషులు చెక్క తెడ్డుతో దాన్ని పైకి లేపి, నార గుడ్డలో వేలాడదీసి, రెండుగా కోస్తారు. ఆ రెంటినీ కవలలు అంటారు. ఒక్కో చక్రం దాదాపు 40 కిలోలు, దానికి 550 లీటర్ల దాకా పాలు. తర్వాత ఉప్పునీళ్ళలో సుమారు ఇరవై రోజులు, ఆపైన గోదాములో కనీసం 12 నెలలు. గోదాము తలుపు తీస్తే పైకప్పు దాకా చెక్క అరల్లో చక్రాలే చక్రాలు. ఏడాదయ్యాక పరీక్షకుడు చిన్న సుత్తితో ఒక్కోదాన్ని చుట్టూ తట్టి వింటాడు. లోపల పగులుంటే చప్పుడు మారుతుంది. పాసైనవాటికే ముద్ర. ఈ చక్రాలు తాకట్టు పెట్టుకుని అప్పులిచ్చే బ్యాంకు కూడా ఇక్కడుంది, వాళ్ళకి సొంత చీజ్ గోదాములున్నాయి.

నాన్నగారికి: ఈ చీజ్ కోసం పాలిచ్చే ఆవులకి సైలేజ్, అంటే పాతర గడ్డి, పెట్టకూడదు. పచ్చగడ్డి, ఎండుగడ్డి ప్రధానం. ఏ గడ్డి, ఎంత, ఎక్కడిది అని ఆయన అడిగితే గంటసేపు చెప్పేవాళ్ళు ఉంటారు. పైగా హిందీలో! ఇక్కడి పాడిశాలల్లో పనిచేసేవాళ్ళు చాలామంది పంజాబీలు. మా దగ్గర్లో నోవెల్లారాలో 2000లో ప్రారంభమైన పెద్ద గురుద్వారా ఉంది. మా మామయ్యని తీసుకెళ్ళినప్పుడు గైడ్ ఇంగ్లిష్‌లో వివరిస్తుంటే, కొట్టం లోపలి నుంచి తలపాగా కట్టుకున్నాయన వచ్చి "కహాఁ సే హో జీ?" అన్నాడు. ఆ తర్వాత గైడ్‌ని ఎవరూ పట్టించుకోలేదు. మామయ్య ఆయనతో పాటు దూడల దగ్గరికి వెళ్ళి, వ్యాన్ హారన్ కొట్టేదాకా రాలేదు.

తుంగభద్ర_తీరం

అద్భుతం అండీ. నాన్నకి చదివి వినిపించాను. "ఏ జాతి ఆవులు, పూటకి ఎన్ని లీటర్లు?" అని అడుగుతున్నారు.

కానీ దూడ పొట్ట అన్న మాట అమ్మ కూడా వినేసింది. ఇప్పుడు చీజ్ ఏదీ ముట్టనంటోంది.

బెజవాడ_బాబాయ్

చెప్పకుండా పెట్టెయ్యాల్సింది. తెలియకుండా తింటే దోషం లేదు.

పాలపిట్ట

అలా అనకండి బాబాయ్ గారూ. ఆవిడ నమ్మకం ఆవిడది. దాచిపెట్టి తినిపించి, తిరిగొచ్చాక తెలిస్తే ఆ బాధ ట్రిప్పు మొత్తాన్ని తినేస్తుంది. మా అత్తగారి విషయంలో చూశాను.

పో_లోయ_పిల్ల

పాలపిట్ట గారితో ఏకీభవిస్తాను. పార్మిజానోకి, అలాంటిదే ఇంకో గట్టి చీజ్ గ్రానా పదానోకి శాకాహార రకం అంటూ ఉండదు. పియెంజా వైపు గొర్రెపాలతో చేసే పెకొరీనోకి కూడా మామూలుగా దూడ లేదా గొర్రెపిల్ల రెన్నెట్టే. అయితే ఆర్టిచోక్ జాతి ముళ్ళ మొక్క పువ్వుతో తోడుపెట్టే పెకొరీనోలు కొన్ని ఉన్నాయి. లేబుల్ మీద "కాల్యో వెజెతాలె" అని ఉందేమో చూడండి. గైడ్‌కి "వెజిటేరియన్" అని ఒక్కమాట చెప్పి వదిలేయకండి, పాస్తా మీద చల్లే చీజ్ శాకాహారమనే ఇక్కడ అందరూ అనుకుంటారు. "చీజ్ వద్దు, గుడ్డు వద్దు, మాంసం ఉడికించిన నీళ్ళు కూడా వద్దు" అని విడివిడిగా చెప్పండి.

నాన్నగారికి: ఎక్కువగా నలుపు తెలుపు హోల్‌స్టీన్ ఫ్రీజియన్లు. ఎర్ర ఆవులు కూడా ఉన్నాయి, రెజ్జో పాత జాతి. వాటి పాలతో చేసిన చీజ్ వేరుగా, ఎక్కువ ధరకి అమ్ముతారు. లీటర్ల సంగతి ఆయన్నే అడిగి తెలుసుకోమనండి, మాట్లాడుకోవడానికి ఏదో ఒకటి మిగలాలిగా.

వేపపువ్వు (అనంతపురం)

ఆలస్యంగా చూశాను. నేను వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరయ్యాను, అందుకని రాసేదంతా చెట్ల గురించే ఉంటుంది, ఏమనుకోకండి.

మేము వెళ్ళింది దక్షిణాన పూల్యా ప్రాంతానికి, మ్యాపులో బూటు మడమ. అమ్మగారి భోజనానికి టస్కనీ కంటే ఇదే మేలు. ఎండు బాకలా (ఒకరకం పెద్ద చిక్కుడు) గింజల్ని మెత్తగా ఉడికించి ఎనిపి, పక్కన ఉడికించిన చేదు ఆకుకూర పెట్టి, పైన పచ్చి ఆలివ్ నూనె పోసి ఇస్తారు. చీజ్ లేదు, గుడ్డు లేదు. అక్కడి ఎండు పాస్తా కూడా గోధుమరవ్వ, నీళ్ళతోనే. బారీ పాత ఊళ్ళో ఆడవాళ్ళు వీధిలో బల్లలు వేసుకుని, బొటనవేలితో నొక్కి చెవి ఆకారపు ఒరెక్కియెత్తె చేస్తుంటారు.

అల్బెరొబెల్లో అందరూ చూస్తారు, వెల్ల వేసిన గోడల మీద శంకువు కప్పుల ఇళ్ళు. రాళ్ళ మధ్య సున్నం, సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టినవి. పన్ను తప్పించుకోవడానికి, తనిఖీ వస్తే కప్పు కూల్చేసేలా భూస్వామి అలా కట్టించాడని గైడ్లు చెప్తారు. 1797లో రాజు ఆ ఊరికి భూస్వామి నుంచి విముక్తి ఇచ్చాడు. ఇప్పుడు పెద్ద వీధి నిండా ఫ్రిజ్ అయస్కాంతాల కొట్లే. వీధికి అవతలి వైపు అయా పిక్కొలా అనే చిన్న పేట ఉంది, అక్కడ మనుషులు కాపురాలుంటున్నారు, అటు నడవండి. ఇంకా మంచిది, లొకొరొతొందో, చిస్తెర్నీనో ఊళ్ళ మధ్య పొలాల్లో విడిగా ఉన్న ఆ ఇళ్ళు చూడటం.

నాకు గుర్తుండిపోయింది మాత్రం ఇవేవీ కాదు.

ఒస్తూని దగ్గర మైదానంలో వందల ఏళ్ళ ఆలివ్ చెట్లు చూశాం. మాను మెలితిరిగి, మధ్యలో డొల్లయి, ఒక్కోటి రెండు మూడు కాళ్ళ మీద నిలబడ్డట్టు ఉంటుంది, అయినా కాపు కాస్తుంది. వాటిని కొట్టడానికి వీల్లేకుండా 2007లో ప్రాంతీయ చట్టం చేశారు. మరుసటిరోజు ఇంకా దక్షిణానికి, లెచ్చె దాటి గల్లీపొలి వైపు వెళ్ళాం. ఎకరాలకెకరాలు బూడిద రంగు. ఆకు లేదు. బతికున్న చెట్టు కోసం వెతుక్కోవాలి. 2013లో అక్కడ జైలెల్లా అనే బాక్టీరియా బయటపడింది. రసం పీల్చే చిన్న నురగ పురుగు దాన్ని చెట్టు నుంచి చెట్టుకి మోస్తుంది. లోపల నీళ్ళు పైకి మోసే గొట్టాలు మూసుకుపోతాయి. వేళ్ళు నేలలోనే ఉంటాయి, చెట్టు దాహంతో చస్తుంది. మందు లేదు. లక్షల చెట్లు పోయాయి.

మా గైడ్ కుర్రాడిది ఆ ప్రాంతమే. ప్రోగ్రాములో లేకపోయినా "మా నాన్న పొలం ఇక్కడే, ఐదు నిమిషాలు చూస్తారా?" అని అడిగాడు. ఇద్దరు ముగ్గురు బండిలోనే కూర్చున్నారు, మేము దిగాం. పాత మొద్దులు కొన్ని అలాగే ఉన్నాయి. వాటి వరసల మధ్యలో తెగులుని తట్టుకునే లెచ్చీనో, ఫవొలోజా రకాల మొక్కలు, డ్రిప్ పైపులు వేసి ఉన్నాయి. వాళ్ళ నాన్న పైపుల దగ్గర వంగి ఏదో బిగిస్తున్నాడు. నేను కూడా వంగాను. ఒక డ్రిప్పర్ మట్టి పట్టి మూసుకుపోయింది. అనంతపురంలో చీనీ తోటల్లో నేను వేలసార్లు చూసిన పని. జేబులోంచి పిన్ను తీసి శుభ్రం చేసి ఇచ్చాను. ఆయనకి ఇంగ్లిష్ రాదు, నాకు ఇటాలియన్ రాదు. "ఎన్నేళ్ళకి కాపు?" అని వేళ్ళతో అడిగితే, మూడు వేళ్ళు చూపించి, తర్వాత చెయ్యి అటూ ఇటూ ఊపాడు.

పొలం గట్టు దొరికితే నాన్నగారు కదలరన్నారుగా, ఈ వైపు తీసుకెళ్ళండి.

ఓరుగల్లు_అన్న

సార్, మీ పోస్టు మా బాపుకి చదివి వినిపించిన. పత్తి రైతు. ఏమీ అనలేదు గానీ ఇంకోసారి చదవమన్నడు.

నా వంతు. మేము పోయింది చిన్‌క్వె తెర్రె, సముద్రం ఒడ్డున అయిదు ఊళ్ళు. నిజం చెప్తున్నా, మధ్యాహ్నం పూట ఆ సందులల్ల కాలు పెట్టే జాగ లేదు. రైలు దిగినంక ప్లాట్‌ఫారం మీంచి బయటపడనీకే పదిహేను నిమిషాలు పట్టింది. మా గైడ్ తెలివైనోడు. గుంపుని పైకి, ద్రాక్షతోటల్లకి నడిపించిండు. కొండ మీద మెట్లు మెట్లుగా పొలం, ఒక్కో మెట్టుకి రాతి గోడ, మట్టి గానీ సిమెంటు గానీ లేదు. కోసిన ద్రాక్ష కిందికి తేవడానికి ఒంటి పట్టా మీద నడిచే చిన్న బండి. గోడ కట్టెటాయన ఒకాయన పనిలో ఉంటే ఆగినం. రాయి ఎత్తి చూస్తడు, తిప్పుతడు, పెడతడు, నచ్చకపోతే మళ్ళ తీస్తడు. తోట వదిలేసి జనం పోతే గోడలు చూసేటోళ్ళు ఉండరు, వాన పడితే కొండ జారుతదని చెప్పిండు. 2011 అక్టోబర్ 25న వాన, వరద, బురద కలిసి వెర్నాజా, మొంతెరొస్సో ఊళ్ళని ముంచేసినయి. దుకాణాల తలుపుల ఎత్తు దాకా బురద వచ్చిన ఫొటోలు ఇప్పటికీ పెట్టుకున్నరు.

శనగ రైతు గారికి ఒక ముచ్చట: ఆ తీరంల ఫరినాతా అని అమ్ముతరు. శనగపిండి, నీళ్ళు, ఆలివ్ నూనె, ఉప్పు. పెద్ద రాగి పళ్ళెంల పోసి కట్టెల పొయ్యిల కాలుస్తరు. అమ్మకి కూడ నడుస్తది. కారం మాత్రం మీరే చల్లుకోవాలె.

మోకాళ్ళ నొప్పులుంటే ఎట్ల? కొండల మీద ఊళ్ళు కదా అన్నీ.

పో_లోయ_పిల్ల

@ఓరుగల్లు_అన్న, ఊరు చూసి ఎంచుకోవాలి. ఒర్వియెతోకి కింద స్టేషన్ నుంచి కొండ పైకి కేబుల్ రైలుంది. పెరూజా, సియెనాల్లో కదిలే మెట్లున్నాయి. లూక్కా చదునైన ఊరు, కోటగోడ మీద నాలుగు కిలోమీటర్ల చుట్టూ చెట్ల నీడలో నడవచ్చు, కూర్చోవడానికి బల్లలున్నాయి. చీవితా ది బాన్యోరెజో మాత్రం వద్దు. మెత్తటి రాతి దిబ్బ మీద మిగిలిన ఊరు, కింది బంకమట్టి కోసుకుపోతోంది. కార్లు వెళ్ళవు, పొడవాటి నడకవంతెన చివర్లో నిటారుగా లేస్తుంది. 2013 నుంచి టికెట్ కూడా పెట్టారు. అందమైన చోటే, కానీ మోకాళ్ళున్నవాళ్ళకి.

మే నెల మంచి ఎంపిక. గోధుమ పచ్చగా ఉంటుంది, మధ్యలో ఎర్రటి పాపీ పూలు. జూన్ చివరికల్లా కోతలై కొండలు పసుపుపచ్చ. ఆగస్టులో మాత్రం రావద్దు, 15వ తేదీ పండగ అటూ ఇటూ ఊళ్ళల్లో సగం కొట్లు మూసేస్తారు, ఎండ కూడా. ద్రాక్ష కోత సెప్టెంబరు, ఆలివ్ కోత అక్టోబరు, నవంబరు.

చరిత్ర_చాదస్తం

ఉంబ్రియా వైపు వెళ్తే ఒక్క గంట మొంతొనెకి ఇవ్వమని గైడ్‌ని అడగండి. చిన్న కోట ఊరు. 1944 జులై 10న ఆ ఎగువ తైబర్ లోయలోనే నాయక్ యశ్వంత్ ఘాడ్గే, తన సెక్షన్‌లో దాదాపు అందరూ పడిపోయాక, ఒక్కడే జర్మన్ మెషిన్‌గన్ మీదికి వెళ్ళాడు. దాన్ని పట్టుకున్నాడుగానీ దాగి ఉన్నవాళ్ళ తూటాలకి అక్కడే చనిపోయాడు. మరాఠా కుర్రాడు, 22 ఏళ్ళు. మరణానంతరం విక్టోరియా క్రాస్ ఇచ్చారు. 2023లో ఆ ఊళ్ళో ఆయన పేరున నీడ గడియారంతో స్మారకం పెట్టారు.

భారత సైన్యం నుంచి మూడు డివిజన్లు ఇటలీలో పోరాడాయి. 1944 ఫిబ్రవరిలో కసీనో కొండ మీద దాడికి వెళ్ళిన 4వ భారత డివిజన్‌లో మద్రాస్ శాపర్స్ కంపెనీ కూడా ఉంది. దారులు వేయడం, మందుపాతరలు తీయడం వాళ్ళ పని. మా గోదావరి జిల్లాల నుంచి, ముఖ్యంగా తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం నుంచి, రెండు ప్రపంచ యుద్ధాలకీ మనుషులు వెళ్ళారు. ఆబ్రుజ్జోలో సాంగ్రో నది దగ్గర సైనికుల శ్మశానంలో, దహనం చేసిన భారత సైనికుల పేర్లతో ప్రత్యేక స్మారకం ఉంది. కొండ వాలులో, చుట్టూ ఆలివ్ తోటలు. మా వ్యాన్‌లో మిగతా వాళ్ళు ఇంగ్లండ్, కెనడా వాళ్ళు. తమ వాళ్ళ సమాధులు చూసుకున్నాక, వాళ్ళే వచ్చి మాతో పాటు మన పేర్లు చదివారు.

తుంగభద్ర_తీరం

ఇన్ని వివరాలు ఇస్తారనుకోలేదు. అందరికీ ధన్యవాదాలు. మూడు రోజులు ఇంట్లో ఇదే చర్చ, చివరికి ఇలా తేలింది: పెద్ద బస్సు వద్దు. మొదట రెజ్జో ఎమీలియా చీజ్, ఆవులు. తర్వాత వాల్ దోర్చాలో అగ్రితురిస్మో. అక్కడి నుంచి రైల్లో బారీ వెళ్ళి, పూల్యాలో చిన్న వ్యాన్ టూరు. చిన్‌క్వె తెర్రె తీసేశాం, ఫరినాతా మాత్రం ఎక్కడైనా దొరికితే చూస్తాం. వేపపువ్వు గారూ, నాన్న మీ నంబరు అడుగుతున్నారు, మెసేజ్ పెట్టాను చూడండి. తెగులుని తట్టుకునే ఆ రకాల గురించి మాట్లాడాలట. మాకు ఆలివ్ చెట్టు ఒక్కటీ లేదు.

అమ్మ ఆవకాయ, గోంగూర, కంది పొడి, ఒక డబ్బా నెయ్యి రెడీ చేస్తోంది.

పో_లోయ_పిల్ల

పచ్చళ్ళు, పొడి తెచ్చుకోండి, చెక్-ఇన్ సామానులో, మూత టేపు వేసి. నెయ్యి కుదరదు. బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం సామానులో తేవడం యూరప్ అంతటా నిషేధం. ఎయిర్‌పోర్టులో దొరికితే తీసి పారేస్తారు.

బెజవాడ_బాబాయ్

అంటే నాటుకోడి పచ్చడి కూడా?

పో_లోయ_పిల్ల

అది మొదటే పోతుంది బాబాయ్ గారూ.

తుంగభద్ర_తీరం

నెయ్యి సంగతి అమ్మకి నేను చెప్పలేను. ఎవరైనా ఫోన్ చేసి చెప్తారా?